కొట్టివేతలు లేని కవిలె

కృష్ణా డెల్టాలో భూమి యెంత విలువైనదో, దానిని గూర్చిన వ్రాతయు నంత విలువైనది. 1855లో విజయవాడకడ ఆనకట్ట పూర్తియై కాలువనీరు పల్లపు చేలకు పాఱినది మొదలు, ఏ సర్వే నంబరున నెన్ని యెకరముల యెన్ని సెంట్లు సాగైనదో, ఏమి పైరు వేసిరో, పట్టాదారెవరో, అనుభవదారెవరో ఏటేట వ్రాసియుంచుట సర్కారునకును రైతునకును గూడ అత్యవసరమయ్యెను. అంతకు పూర్వము సర్వే అధికారి కల్నల్ మెకంజీ పనుపున కావలి సోదరులు మున్నగువారు గ్రామచరిత్రలైన కైఫీయతులు సేకరించునపుడు వారికి ఆధారమైనవి గ్రామలెక్కలు వ్రాయు కరణముల దండకవిలెలే. తాటాకు పోయి కాగితము వచ్చినను ఆ పని పోలేదు: జూలై మొదటి తేదీన రెవెన్యూ సంవత్సరమైన ఫసలీ మాఱగనే సాగులెక్కయైన అడంగలు క్రొత్తది తెఱచుట, చూచిన పైరును గడిగడిగా నింపుట, తప్పు దొరలినచో గీత కొట్టి ప్రక్కనే సరియైనది వ్రాసి పొడి సంతకము చేయుట. ఆ గీత క్రింది పాతపేరు తరువాతివారి కంటికి కనబడుచునే యుండెడిది.

1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణపు పదవులను రద్దు చేసెను. ఆ యేటనే అమెరికాలో డీబేస్ త్రీ అను పట్టికల ప్రోగ్రాము వెలువడుట యాదృచ్ఛికమే. పిమ్మట అట్టివే ఫాక్స్‌ప్రోయు, 1992లో ఎమ్మెస్ యాక్సెస్సును వచ్చినవి. ఇట్లు వ్రాతపని కంప్యూటరునకు మాఱుచుండగా, 1998-99లో విజయవాడ నగరపాలక సంస్థ 'వాయిస్' పథకముచే జనన మరణ ధ్రువపత్రములను, ఆస్తిపన్ను లెక్కలను కంప్యూటరున కెక్కించెను.

అడంగలును అట్లు ఎక్కించుటకు ఫాక్స్‌ప్రోలో కొన్ని పంక్తుల ప్రోగ్రాము చాలును. 'యూజ్' అన్నంతనే పట్టిక తెఱచుకొనును. 'అపెండ్ బ్లాంక్' అనగా అడుగున ఖాళీ వరుస యొకటి చేరును. 'రిప్లేస్' అని గడిపేరును విలువను చెప్పగా ఆ గడి నిండును. ఈ చివరి రెండాజ్ఞలను 'డూ వైల్' చుట్టులో నిలిపినచో గ్రామమంతటి అడంగలును వరుసవెంట వరుసగా త్వరగా ఎక్కును. ఈ వేగము నిజముగా గొప్పది. రైతును కచేరీ చుట్టు త్రిప్పని వ్రాతను నేను మనసార ఆహ్వానింతును.

కాని ఎకరము అయిదు సెంట్లను 1.05 అని వ్రాయవలసియుండగా 1.5 అని కొట్టినచో, అది ఎకరము యాబది సెంట్లగును. నలుబదియైదు సెంట్ల నేల ఒక్క సున్న లోపమున పుట్టును. మఱల 'రిప్లేస్' చేసి దిద్దవచ్చును గాని, మొదట నేమున్నదో, ఎవరు మార్చిరో, ఎన్నడు మార్చిరో ఆ గడి చెప్పదు. తగవు వచ్చిననాడు కొట్టివేత గూడ సాక్ష్యమే యని కరణము లెఱుగుదురు. వారియందు లోపములెన్ని యున్నను ఈ యెఱుక మనము పోగొట్టుకొనరానిది. అందుకొక్క పంక్తి యదనముగ వ్రాసిన చాలును: గడిని మార్చుటకు ముందు, పాత విలువను, తేదీని, మార్చినవాని పేరును వేఱొక పట్టికలో చేర్చుమని. పొలముల లెక్కకై ప్రోగ్రాము వ్రాయు మన పిల్లలకు ఆ పంక్తినే మొదట నేర్పవలెనని నా కోరిక.