నీళ్ల బకెట్ల మీద పుట్టిన దరువు

ఈసారి కొంచెం దూరం పోదాం.

జనవరి 19 రాత్రి. స్పెయిన్ ఉత్తర తీరం, బాస్క్ ప్రాంతంలోని సాన్ సెబాస్టియన్. స్థానిక భాషలో దొనోస్తియా. తిండికి పేరుపడ్డ ఊరు. బార్లలో పింఛోలు పేర్చి ఉన్నాయి. ఆలివ్ కాయ, ఉప్పుచేప, ఊరవేసిన మిరపకాయ ఒకే పుల్లకు గుచ్చి ‘హిల్డా’ అంటారు. మన పచ్చిమిరప దాన్ని చూస్తే నవ్వుతుంది గానీ, నేను నాలుగు తిన్నాను.

అర్ధరాత్రికి పాత ఊళ్లోని చౌరస్తాకు చేరాం. దాని పేరే రాజ్యాంగ చౌరస్తా. ఒకప్పుడు అక్కడ ఎద్దుల పోట్లాటలు జరిగేవి. బాల్కనీల మీద అప్పటి సీట్ల నంబర్లు ఇంకా ఉన్నాయి. జెండా ఎగిరింది, డోళ్లు మోగాయి. తెల్ల టోపీల వంటవాళ్లు, నెపోలియన్ కాలపు సిపాయిల వేషాలు. దీన్ని తంబొర్రాద అంటారు. మర్నాటి అర్ధరాత్రి దాకా, 24 గంటలు ఊరంతా దరువే. డోలు పట్టినవాడి కులం ఎవరూ అడగరు. నాకు ఒళ్లు జలదరించింది. మా నాయన శవాల ముందు డప్పు కొట్టేవాడు. కూలి ఇచ్చేటప్పుడు డబ్బు చేతిలో పెట్టేవాళ్లు కాదు, నేల మీద వేసేవాళ్లు.

ఈ దరువు ఎక్కడిది? ఊరు చెప్పుకునే కథ ఇది. సిపాయిలు రోజూ డోళ్లు కొడుతూ వీధిలో పోయేవారట. ఊటబావి దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు బకెట్ల మీద అదే దరువు వేసి వెక్కిరించారట. కాగితం మీద సాక్ష్యం అడిగితే కష్టం. అయితే ఈ ఊరికి సిపాయిలంటే ఏమిటో బాగా తెలుసు. 1813 ఆగస్టు 31న ఫ్రెంచివాళ్ల నుంచి ‘విడిపించడానికి’ వచ్చిన బ్రిటిష్, పోర్చుగీస్ సైన్యం ఊరిని దోచుకుంది, ఆడవాళ్లను చెరిచింది. ఊరు తగలబడిపోయింది. మిగిలిన వీధికి ఇప్పుడు ఆ తేదీయే పేరు. 1861లో సర్రియెగి అనే సంగీతకారుడు కట్టిన కవాతు పాట ఈ పండగలో మోగుతుంది.

సరే, నీళ్లు మోసిన ఆడవాళ్లేమయ్యారు? డోళ్లు నడిపేది వంట సంఘాలు. 1870లో పుట్టిన ఉనియోన్ ఆర్తెసానా వాటిలో పాతది. ఒకప్పుడు మగవాళ్లే చేరి, వండుకుని తినే సంఘాలివి. ఆడవాళ్లు అతిథులుగా రావచ్చు, వంటగదిలో అడుగు పెట్టకూడదన్న కట్టుబాటు చాలాకాలం నడిచింది. మడి అనే మాట వాళ్లకు తెలియదు, అంతే. పెద్దల తంబొర్రాదలో ఆడవాళ్లను చేర్చుకున్న మొదటి సంఘం క్రెసాలా. అది కూడా 1980లో. బకెట్టు మీద దరువు మొదలుపెట్టిందని చెప్పుకునేది ఆడవాళ్లు, మగవాళ్లేమో వంటవాళ్ల వేషం కట్టి వందేళ్లకు పైగా తమదిగా కొట్టుకున్నారు.

1985 జూలైలో కారంచేడులో తాగే నీళ్లు పాడుచేయొద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి. ఆరుగుర్ని చంపారు. ఆ బిందెకు మన ఊళ్లలో ఏ పండగా లేదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లల తంబొర్రాద. వేలమంది పిల్లలు. వరసలో ఆగిన ఒక పాప నా చేతికి పుల్లలిచ్చి డోలు చూపించింది. సిర్ర ఏ చేత్తో, చిటికెన పుల్ల ఏ చేత్తో పట్టాలో నాకు తెలియదు. నాయన నాకు నేర్పలేదు. డప్పు కాచుకుంటూ, ‘నువ్వు చదువుకో’ అనేవాడు. పుల్లలు తిరిగి ఇచ్చేశాను.