కాల్చిన రొట్టె కథ

మొన్నటి సంక్రాంతికి మా మనుమడు పట్టణమునుండి వచ్చుచు ఎయిర్ ఫ్రయర్ అను పెట్టె నొకదానిని దెచ్చి వంటయింటి గట్టుమీద బెట్టెను. మరునాటి యుదయమున వాడు రెండు రొట్టెముక్కల నందులో నుంచి, మీట నొక్కి, "తాతయ్యా, కనిపెట్టి యుండ నక్కరలేదు, అదే కాల్చును" అని చెప్పి స్నానమునకు బోయెను. కొంతసేపటికి లోపల టపటపమని చప్పుడైనది. పిదప మాడువాసన వచ్చినది. పెట్టెను దెఱచి చూచితిని గదా, పలుచని ముక్క యొకటి లోపలి పంకాగాలికి ఎగిరి, పైనున్న కాగిన తీగచుట్ట దాపున జిక్కుకొని, ఒకప్రక్క బొగ్గై, రెండవప్రక్క తెల్లగనే యున్నది.

మనుమడు వచ్చి నవ్వి, "అసలు రొట్టె కాల్చు విద్యుద్యంత్రమును గనిపెట్టిన దెవరు తాతయ్యా?" అని యడిగెను. నేను తడుముకొనక, "1893లో ఎడింబరో నగరమున నొక స్కాట్లండు దేశస్థుడు" అని చెప్పితిని. ఏనాడో యొక పత్రికలో జదివిన జ్ఞాపకమది. వాడు విచారించి చెప్పిన మాట విని నాకు సిగ్గు కలిగినది. అట్టి యంత్రకర్త యొకడు ఎన్నడును లేడు! 2012లో విద్యార్థులు కొందఱు పరిహాసమునకై వికీపీడియా యను విజ్ఞానకోశమున ఆ కథను గల్పించి వ్రాసిరి. తమలో నొకని ముఖమునే పాతకాలపు ఛాయాచిత్రముగ మార్చి యుంచిరి. పత్రికలవారు దానిని జూచి వ్రాసిరి. పిమ్మట ఆ పత్రికలే సాక్ష్యములైనవి. పదియేండ్లు లోకము నమ్మినది. 2022లో బడిపిల్లవాడొకడు ఆ చిత్రమును జూచి శంకింపగా బండారము బయటపడినది.

అందుచేత నీమాఱు జాగ్రత్తగ విచారించి, నిలువగల సంగతులనే మీకు విన్నవించుచున్నాను.

తెలంగాణమున డబల్ రొట్టె యని పిలుచు పులియబెట్టిన గోధుమరొట్టె ఐరోపావారికి అనుదినాహారము. ఒకటి రెండు దినములలో నది గట్టిపడును. కోసి నిప్పుసెగకు జూపినచో మరల రుచికి వచ్చును. టోస్టు అను మాటకు మూలమైన లాటిను ధాతువునకు ఎండించుట, మాడ్చుట యని యర్థము. ఇంగ్లండులోని యిండ్లలో పొడవైన ముండ్లగరిటెకు ముక్కను గ్రుచ్చి, పొయ్యి యెదుట గూర్చుండి, త్రిప్పుచు గాల్చుకొనెడివారు. మన హైదరాబాదువారు అదే రొట్టెను నేతిలో వేచి, పాకమునందును పాలయందును నానవైచి డబల్ కా మీఠా చేసిరి. సెగ తగిలిన ముక్క పైపొరలోని తడి ముందుగ నావిరియై పోవును. పిదపనే యెఱుపు తిరుగును. చక్కెరలును, మాంసకృత్తుల యంశములును వేడిలో గలిసి ఆ రంగును, కమ్మదనమును గలిగించును. అట్టి కలయికను 1912లో మయ్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను.

విద్యుత్తు వచ్చినపిదప చిక్కంతయు తీగయొద్దనే. మాటిమాటికి ఎఱ్ఱగ గాగియు తెగిపోక నిలుచు తీగ కావలెను. నికెలును క్రోమియమును గలిపి అట్టి లోహమును జేసి, ఆల్బర్ట్ మార్ష్ అను అమెరికా దేశస్థుడు 1906లో పేటెంటు పొందెను. 1909లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ విక్రయించిన టోస్టరులో తీగలు బయటికే కనబడుచుండెను. ఒకమాఱు ఒకప్రక్కయే కాలును, చేతితో ద్రిప్పవలెను, వేళకు దానంతట నది యాగదు. మనిషి ప్రక్కనే యుండి కనిపెట్టవలసినదే. మిన్నెసోటా రాష్ట్రమున యంత్రకారుడగు చార్లెస్ స్ట్రైట్ అందులకు గడియారపు టేర్పాటును, స్ప్రింగును జేర్చి, వేళకు వేడి నాపి ముక్కను పైకి నెట్టు యంత్రమును గల్పించి 1921లో పేటెంటు పొందెను. ముక్క లన్నియు సమానమైన మందముతో నుండినగాని గడియారపు లెక్క కుదురదు. ఓటో రోవెడ్డర్ చేసిన కోతయంత్రముతో అట్టి రొట్టె 1928లో మిస్సోరీ రాష్ట్రపు చిల్లికోథీ పట్టణమున విక్రయమునకు వచ్చినది. కావున టోస్టరునకు కర్త యొక్కడే యని చెప్ప వీలులేదు. ఒకడు తీగను, ఒకడు గడియారమును, ఒకడు కోతను సమకూర్చిరి.

మా మనుమని పెట్టె వేఱు జాతిది. అందు సెగతోబాటు గాలియు బనిచేయును. రోహిణికార్తెలో గాలిలేని యెండకన్న వడగాలికి వడియములు త్వరగ నెండును గదా! వాని నంటియున్న తేమపొరను గాలి యెప్పటికప్పుడు కొట్టుకొనిపోవుటయే కారణము. 1945 ప్రాంతమున అమెరికాలో విలియం మాక్స్‌సన్ విమానములలో గడ్డకట్టించిన భోజనమును వేడిచేయుటకై పంకాగల పొయ్యిని సిద్ధపఱచెను. అదే సూత్రముతో 2010లో ఫిలిప్స్ సంస్థ ఎయిర్ ఫ్రయరును అంగడికి దెచ్చినది. పేరునకు వేపుడుపెట్టె యైనను అది చిన్న గాలిపొయ్యియే.

సంగతి తెలిసినపిదప నేనే మందమైన ముక్కను దీసికొని, ఎగురకుండ పైని తీగపళ్ళెమును బోర్లించి, 180 డిగ్రీల వేడిలో నాలుగు నిమిషము లుంచి, నడుమ నొకసారి త్రిప్పితిని. బంగారువన్నె రాగానే తీసితిని. పిండిపదార్థములను మిక్కిలి వేడిలో గాల్చినచో అక్రిలమైడు అను పదార్థము పుట్టునని 2002లో స్వీడను శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి. ముక్క నల్లబడుకొలది అది హెచ్చును. ఆరోగ్యమునకు మంచిది కాదు.

మన తెనుగున కనిపెట్టుట యనగా క్రొత్తదానిని గల్పించుట. పొలమును, పాలను, పసిబిడ్డను విడువక చూచుచుండుటయు నదియే. చరిత్రకును ఆ రెండవ కనిపెట్టుట కావలెను. మన గ్రామములలో చెఱువు త్రవ్వించిన దెవరు, గుడి కట్టించిన దెవరు అని పిల్లలు మనలనే యడుగుదురు. రాతిమీది శాసనమును జూడక తోచిన పేరు చెప్పితిమా, రేపటికి అదే చరిత్ర యగును. మాడిన రొట్టెకు వాసన యైన గలదు. చెడిన చరిత్రకు అదియు లేదు.

నేను మనుమని బిలిచి, "నిన్న నేను చెప్పినది తప్పు నాయనా" అని యొప్పుకొంటిని. వాడు రొట్టెముక్కను సగము విఱిచి నా చేతిలో బెట్టెను.