చిరివేరు ఎరుపు

మచిలీపట్నం అద్దకాలలోని ఎరుపు ఏ వేరులోనూ సిద్ధంగా ఉండదు. అది గుడ్డ మీదే, నూలుపోగును పట్టుకుని తయారయ్యే సమన్వయ సమ్మేళనం. 17, 18వ శతాబ్దాలలో కోరమాండల్ తీరపు గుడ్డలకు యూరప్‌లో అంత గిరాకీ రావడానికి ఉతికినా వదలని ఈ రంగే ముఖ్య కారణం. సొంత నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి, 1759 దాకా ఎత్తివేయలేదు.

అద్దకందారు ముందు గుడ్డను కరక్కాయ కషాయం, గేదెపాల మిశ్రమంలో తడిపి ఆరబెడతాడు. పాలు అద్దకాన్ని పక్కకు పాకనివ్వవు; కరక్కాయలోని టానిన్ లోహాన్ని నూలుకు పట్టిస్తుంది. నలుపు కావలసిన చోట బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలను పులియబెట్టిన ద్రవం అద్దితే రంగు అక్కడికక్కడే తేలుతుంది. ఎరుపు కావలసిన చోట అద్దేది పటిక నీళ్లు. అప్పటికి ఎరుపు జాడే ఉండదు. చిరివేరు అనే మొక్క వేళ్లు వేసి ఉడికించాకే పటిక పడినంత మేరా ఎర్రబడుతుంది. మిగతా చోట్ల అంటిన లేత రంగు ఉతుకుకీ ఎండకీ పోతుంది. అంటే పనివాడు గీసే బొమ్మ లోహంతో గీసినది. ఫ్రెంచి జెసూట్ కేర్దూ 1742లో రాసిన లేఖలో ఈ పద్ధతిని వివరంగా స్వదేశానికి తెలియజేశాడు.

చిరివేరులో రంగునిచ్చే పదార్థం అలిజరిన్. దీనిని 1826లో రోబికే, కోలాన్ యూరప్ మంజిష్ఠ నుంచి వేరుచేశారు. 1868లో గ్రేబె, లీబర్మాన్ తారు నుంచి వచ్చే ఆంత్రసీన్‌తో తయారుచేశారు. ఆపైన వేళ్ల సాగు పడిపోయింది. మచిలీపట్నానికీ కృత్రిమ అలిజరిన్ వచ్చింది కానీ పటిక అవసరం తీరలేదు.

ఎందుకు తీరలేదో చెప్పడానికి పనికొచ్చే సమన్వయ సమ్మేళనాల చట్రాన్ని రసాయనవేత్త వెర్నర్ 1893లో ఇచ్చాడు: మధ్యలో లోహం, చుట్టూ దానితో నేరుగా బంధం కట్టే లైగాండ్లు. అలిజరిన్ పక్కపక్కనున్న రెండు ఆక్సిజన్లతో పటికలోని అల్యూమినియాన్ని పట్టుకుని వలయం కడుతుంది. కీలేట్ అనే ఇలాంటి వలయం తేలిగ్గా విడిపోదు. ఎరుపు నిగారింపుకు కాల్షియం కూడా తోడు కావాలి.

సమన్వయ సమ్మేళనం రంగు అనగానే విద్యార్థులు డి ఆర్బిటాళ్ల చీలికను చెప్పేస్తారు. బేతె 1929లో ప్రతిపాదించిన స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం నేర్పిన అలవాటది. ఇక్కడ అది చెల్లదు. అల్యూమినియం అయానుకు డి ఎలక్ట్రాన్లే లేవు. రంగు అలిజరిన్ సొంత పై ఎలక్ట్రాన్లది. ప్రోటాన్లు పోయి లోహంతో బంధం ఏర్పడటంతో ఆ ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల మధ్య ఎడం తగ్గి, శోషణ పొడవాటి తరంగాల వైపు జరుగుతుంది. నారింజ ఛాయ ఎరుపవుతుంది.

నలుపు కథ వేరు. టానిన్ ఆక్సిజన్ల నుంచి ఫెర్రిక్ అయానుకు ఎలక్ట్రాన్ దూకే ఆవేశ బదిలీ వల్ల ఆ చిక్కని రంగు వస్తుంది. డి–డి పరివర్తనలు సాధారణంగా ఇచ్చే లేత రంగులు దీని ముందు నిలవవు. అయితే ఇనుము ఫెర్రస్, ఫెర్రిక్ స్థితుల మధ్య మారుతూ సెల్యులోజ్ ఆక్సీకరణను వేగిరపరుస్తుంది. అందుకే పాత అద్దకాలలో నల్లగీతల వెంట గుడ్డ చివికిపోతుంది. స్థితి మారని అల్యూమినియం ఉన్న ఎర్రటి చోట్ల ఆ బెడద లేదు.