చెరువు పోయి పేరు నిలిచిన పేట

మునేటి యొడ్డుననున్న కీసర మీదుగా సాగు రాజమార్గము పడమట హైదరాబాదును చేరును. నందిగామ, జగ్గయ్యపేట సీమలనుండి చదువులకును, ఉద్యోగములకును ఆ నగరమునకు పోయిన వారు మనలో ననేకులు గలరు. మాసాబ్ ట్యాంకు అను పేట పేరు వారందఱు నెఱిగినదే. ట్యాంకు అనగా చెరువు. ఆ చెరువెక్కడ నున్నదని యడిగిన వారు మాత్రము మిక్కిలి యరుదు.

ఆ పేరునకు మూలము 'మా సాహెబా తలాబు'. మా సాహెబా యనగా హయత్ బక్షీ బేగము. ఈమె, 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్ షాకు కుమార్తె. ఆయన పిదప నేలిన సుల్తాను మహమ్మదునకు భార్య. 1626లో చిన్నతనముననే సింహాసన మెక్కిన అబ్దుల్లాకు తల్లి. కుమారుడు పిన్నవాడగుటచే రాజ్యభారమును చాలవఱకు ఈమెయే వహించెను. మన బాటసారులకు నగరపు తూర్పుదెస నెదురగు హయత్‌నగరమును ఈమె పేరనే వెలసినది. స్త్రీలకు రాజకార్యములు తగవనువారు ఈమె చరిత్రమును చదువవలెను.

నేడా చెరువు లేదు. దాని గర్భమున చాచా నెహ్రూ పార్కు అను నుద్యానవన మున్నది. చుట్టును కచేరీలు, ఆసుపత్రులు, ఇండ్లు పెరిగినవి. ఉదయమున వృద్ధులు నడచుటకును, సాయంకాలమున బిడ్డలు ఆడుటకును ఆ తోట యుపకరించుచున్నది. అది మేలే. కాని చెరువు చేయు పని తోట చేయలేదు. ఱాతినేలయైన తెలంగాణమున మన పూర్వులు చెరువులను గొలుసుగా కట్టిరి. ఎగువదాని యలుగునీరు దిగువదానిని నింపును. గొలుసున నొక కడియము తెగినచో ఆ నీరు వీధుల పాలగును. 2020 అక్టోబరు వానలలో ఆ నగరమున చెరువుల లోతట్టున వెలసిన యిండ్లు పెక్కు నీట మునిగెను.

ఇది పొరుగువారి తప్పని మనము నవ్వరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ యిండ్లలో చొచ్చెను. అప్పుడే మున్నేరు పొంగి ఐతవరమున రాజమార్గమునే ముంచెను. ఏటికిని చెరువునకును విడిచిన చోటు వ్యర్థమైన నేల కాదు. అది నీటి హక్కు. ఆ హక్కును మనము మఱచినను నీరు మఱువదు.

మాసాబ్ ట్యాంకున చెరువు పోయి పేరైనను నిలిచెను. మన యూరి చెరువు పూడినచో, దాని పేరునైనను మన బిడ్డలకు చెప్పువారుందురా? గృహమున బిడ్డలకు కథలు చెప్పు తల్లులు ఊరి చెరువు కథయు చెప్పుదురు గాక. పేరు తెలిసిన దానిని ఇతరులు కాజేయుట కష్టము.