కాటా ఎక్కించే ముందు ఆ రేకు ముక్క చూడండి

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పాత ఇనుము గురించి. కొంచెం పెద్దది. సాయంత్రం తీరుబడిగా చదవండి.

మన ఊళ్లలో టైరు బండి చూస్తూనే ఉంటాం కదా. చాలా బండ్లకి ఇరుసు ఏదో పాత లారీదో కారుదో అయి ఉంటుంది. ఆ లారీ ఎక్కడిది అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. ముసలివాళ్లు మాత్రం "మిలిటరీ డిస్పోజల్ బండిరా అది" అనేవారు. ఆ ఒక్క మాట వెనక చాలా చరిత్ర ఉందండి. అది ఇనుముతో పాటు కరిగిపోతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మన విశాఖ సంగతి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి పోర్టుని అధికారికంగా ప్రారంభించాడు. ఆరేళ్లకే యుద్ధం. నేవీ వాళ్లు ఇక్కడ స్థావరం పెట్టి దానికి సర్కార్స్ అని పేరు పెట్టారు, మన ఉత్తర సర్కారుల పేరే. వైమానిక దళం తీర రక్షణ విభాగం కూడా ఒకటి ఇక్కడ పనిచేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ల ర్యూజో అనే ఓడ మీద నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అదే దాడుల్లో బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలు మునిగాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి వచ్చేశారు. ఆనాటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు చూపించండి. కొన్నేళ్ల కిందట కెరటాల కోతకి ఆర్కే బీచ్‌లో ఇసక జారిపోతే అప్పటి కాంక్రీటు బంకరు ఒకటి బయటపడింది కూడా.

అంటే బాంబు దాచుకున్నాం. బంకరు బయటపడితే ఫొటోలు తీసుకున్నాం. మరి ఆ యుద్ధానికి సరుకు మోసిన బండ్లు ఏవి?

అవి ఎలాంటి బండ్లో చెప్తాను. మనం ట్రాక్టర్ల వాళ్లం కాబట్టి ఇట్టే అర్థమవుతుంది.

మొదటిది మేటడోర్. మనకి తెలిసిన చిన్న వ్యాను కాదండి, లండన్ దగ్గర సౌతాల్‌లో ఏఈసీ కంపెనీ చేసిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి. పెద్ద ఫిరంగుల్ని లాగడానికి చేసింది. డీజిల్ ఇంజను, 95 హార్స్ పవర్. ఇవాళ మన ఊళ్లో ఎక్కువగా తిరిగే 45 హార్స్ పవర్ ట్రాక్టర్లు రెండు కలిపితే ఎంతో అంత. ఖాళీ బండే 7 టన్నులకి దగ్గర. 9 వేలకి పైగా చేశారు. బర్మా బురదలో ఫిరంగులు లాగింది ఇదే.

రెండోది స్కామెల్ పయనీర్. వాట్‌ఫర్డ్‌లో పుట్టింది. చెడిపోయిన బండ్లని లాక్కొచ్చేది, ట్యాంకుల్ని మోసేది. వెనక నాలుగు చక్రాలు నేలని బట్టి పైకీ కిందకీ కదులుతాయి. ఒక చక్రం గట్టు ఎక్కినా మిగతావి నేల వదలవు. గతుకుల పొలంలో ఎద్దు నాలుగు కాళ్లూ చూసుకుని వేస్తుంది చూడండి, అలాగన్నమాట. దీనికి గార్డ్‌నర్ డీజిల్ ఇంజను, 102 హార్స్ పవర్. వేగం అడక్కండి, పట్టు అడగండి.

మూడో రకం కెనడాలో బ్రిటిష్ సామ్రాజ్యం సైన్యాల కోసం చేసిన ఫోర్డ్, షెవర్లే లారీలు. మూతి నొక్కేసినట్టు పొట్టిగా ఉంటుంది. కెనడా ఆ యుద్ధంలో మొత్తం 8 లక్షలకి పైగా మిలిటరీ బండ్లు చేస్తే, అందులో సగం దాకా ఇవే. మన దేశానికి చాలా వచ్చాయి. ఆ ఛాసిస్‌లకి జంషెడ్‌పూర్ టాటా ఉక్కు పలకలు తొడిగి సాయుధ బండ్లు కూడా చేశారు. అవి 4,600 దాకా తయారయ్యాయి. ఇక్కడి ఉక్కు, కెనడా ఇంజను, ఇంగ్లీషు వాడి యుద్ధం.

ఇక్కడ ఇంట్లో మనకి పెట్రోలు రేషను. బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన రోజులు అవి. ఆ సమయంలో సైన్యం దగ్గర మాత్రం లారీలు బారులు తీరి ఉండేవి.

1945లో యుద్ధం ఆగింది. అన్ని బండ్లు ఏం చేయాలి? డిస్పోజల్స్ అని ప్రభుత్వం ఒక శాఖే పెట్టి అమ్మకానికి పెట్టింది. ఆ మాట ఎంత గట్టిగా నిలిచిందంటే, ఢిల్లీలో సప్లైస్ అండ్ డిస్పోజల్స్ అనే కార్యాలయం 2017లో మూసేసేదాకా అదే పేరుతో నడిచింది. మన తాతల నోట్లో తిరిగిన "డిస్పోజల్ బండి" అక్కడి నుంచి వచ్చిందే. సైన్యం లారీ కలప బండి అయింది, బస్సు అయింది, నీళ్ల ట్యాంకరు అయింది.

రైతుకి ఇందులో పెద్ద భాగమే ఉందండి. యుద్ధం మిగిల్చిన చైన్ ట్రాక్టర్లతోనే కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ మొదలుపెట్టింది. మధ్య భారతంలో రెల్లు గడ్డి పట్టేసి, ఎద్దు నాగలికి లొంగని భూములు లక్షల ఎకరాలు పడి ఉండేవి. రెల్లు వేరు ఎంత లోతుకి దిగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వేళ్లని పెకలించడానికి ఈ యంత్రాలు దింపారు. అవి చాలక, 1949లో ప్రపంచ బ్యాంకు దగ్గర కోటి డాలర్లు అప్పు తీసుకుని కొత్తవి కొన్నారు. ఆ బ్యాంకు మన దేశానికిచ్చిన రెండో అప్పే అది. మొదటిది రైళ్లకి, రెండోది దుక్కికి.

ఇంకో ముచ్చట. ఇంగ్లండులో ఫోర్డ్సన్ ట్రాక్టర్లకి అప్పట్లో నారింజ రంగు వేసేవారు. యుద్ధం రాగానే ఆకుపచ్చకి మార్చేశారు. ఎందుకంటే నారింజ రంగు ట్రాక్టరు పొలంలో ఉంటే జర్మనీ విమానానికి పైనుంచి ఇట్టే కనబడుతుంది. పొలం దున్నుకునేవాడు కూడా దాక్కుని దున్నాల్సి వచ్చిందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. బ్రిటన్‌లో ఈ బండ్లు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. వందల మంది వాటిని వెతికి పట్టుకుని, బాగుచేసి, ఏటా మైదానాల్లో జాతర చేసుకుంటారు. వాళ్లకి అవి ఎలా మిగిలాయి? రాజులు దాచలేదు, మ్యూజియాలు దాచిందీ కొంతే. దుంగలు లాగేవాళ్లు, గ్యారేజీవాళ్లు, రైతులు, తిరనాళ్లలో రంగులరాట్నాలు తిప్పేవాళ్లు వాటిని వేలంలో కొని, ముప్ఫై నలభై ఏళ్లు పని చేయించుకున్నారు. పని అయిపోయాక షెడ్డు వెనక వదిలేశారు. తర్వాతి తరం అక్కడి నుంచి బయటికి తీసింది.

బయటికి తీయడమే కాదు, దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా తవ్వుతారు. అది చూడముచ్చటైన పని. బ్రిటిష్ సైన్యం ప్రతి బండికీ ఒక నంబరు ఇచ్చింది. ముందు ఒక అక్షరం ఉంటుంది. లారీకి ఎల్, ఫిరంగి లాగే ట్రాక్టరుకి హెచ్, ట్యాంకుకి టి. ఈ నంబరు బానెట్ పక్కన రంగుతో రాసేవారు. తర్వాత కొన్నవాడు దాని మీద ఎర్ర రంగు వేస్తాడు, ఆ తర్వాతవాడు నీలం వేస్తాడు. ఈ ఔత్సాహికులు సన్న గరుకు కాగితంతో పొర తర్వాత పొర మెల్లగా రుద్దుకుంటూ వెళ్తారు. అడుగున ఆకుపచ్చ రంగు మీద తెల్ల అంకెలు బయటపడతాయి. ఆ నంబరుని, ఛాసిస్ నంబరుని పట్టుకుని పాత రికార్డుల్లో వెతికితే ఏ ఏడు తయారైంది, ఏ కాంట్రాక్టు కింద సైన్యానికి వెళ్లిందీ తెలుస్తుంది. మనం అడంగల్ పట్టుకుని భూమి చరిత్ర వెనక్కి లాగినట్టే.

ఇంకో గుర్తు బాణం. బ్రిటిష్ సర్కారు సొత్తు అని చెప్పడానికి మూడు గీతల బాణం గుర్తు కొట్టేవారు. ఆ బాణం ఎక్కడికీ పోలేదు. ఇవాళ మన ఆర్మీ లారీ ఎదురైతే నంబరు ప్లేటు మొదట్లో చూడండి, పైకి చూసే బాణం ఉంటుంది. దాని పక్కనున్న రెండు అంకెలు ఆ బండి సైన్యంలోకి వచ్చిన ఏడు.

మరి మన దగ్గర ఎందుకు మిగల్లేదు? బద్ధకం వల్ల కాదండి. మనం దేన్నీ వదిలే రకం కాదు. ఇంజను ఒక చోట, గేరు పెట్టె ఒక చోట, ఇరుసు ఒక చోట బతికాయి. బండి చచ్చిపోయింది, అవయవాలు మిగిలాయి. ఇక మిగిలిన దాన్ని బరువు తినేసింది. జీపు టన్ను చిల్లర ఉంటుంది, తుక్కుకి వేస్తే వచ్చేది తక్కువ, ఉంచుకుంటే ఊరేగింపుకి పనికొస్తుంది. అందుకే పాత జీపులు ఇంకా కనబడతాయి. 7 టన్నుల బండి అలా కాదు. ఇనుము ధర పెరిగిన రోజునే దానికి గండం. ఎంత బలమైన బండి అయితే అంత ముందుగా కాటా ఎక్కింది.

బండే అనేముంది, ఓడలకే దిక్కు లేకపోయింది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దాకా వచ్చింది విక్రాంత్‌ని వెతుక్కుంటూనే. ఇక్కడే మునిగిపోయింది. ఆ విక్రాంత్ కూడా ఇంగ్లండులో మొదలైన ఓడే, హెర్క్యులిస్ అని పేరు. 1997లో సేవ ముగించి, ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉండి, 2014లో తుక్కుకి పోయింది. ఆ ఇనుములో కొంత మోటారు సైకిళ్లలో కలిపారు. తర్వాత విరాట్. దాన్ని విశాఖకి తెచ్చి మ్యూజియం చేస్తామని మన రాష్ట్రంలో మాటలు నడిచాయి. ఖర్చు లెక్కలు చూసుకునేసరికి అడుగు ముందుకి పడలేదు. 2020లో గుజరాత్ అలంగ్ తీరానికి లాక్కెళ్లి కోసేశారు.

చేయలేమా అంటే చేయగలం. కురుసుర జలాంతర్గామిని 2001లో నేవీ పక్కన పెడితే, 2002కల్లా ఇసక మీదకి లాగి మ్యూజియం చేసింది మన విశాఖే. టీయూ 142 విమానం కూడా దాని ఎదురుగానే ఉంది. ట్యాంకులు చూడాలంటే మహారాష్ట్రలో అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) వెళ్లాలి. సైన్యం వాళ్లు 1994లో అక్కడ మ్యూజియం పెట్టారు. మన సైన్యంలో చాలాకాలం ఉన్నవి బ్రిటిష్ వాళ్ల సెంచూరియన్‌లే. వాటి ఇంజను స్పిట్‌ఫైర్ విమానం ఇంజనుకి తమ్ముడు వరస. 1965లో పాకిస్తాన్ ట్యాంకులకి ఎదురు నిలిచినవాటిలో అవీ ఉన్నాయి. అదే ఏడు మద్రాసు దగ్గర ఆవడిలో మనం చేయడం మొదలుపెట్టిన విజయంత కూడా బ్రిటన్ వికర్స్ కంపెనీ నమూనాయే.

అంటే పోరాడినవాటికి చోటు దొరికింది. మోసినవాటికి దొరకలేదు. మనం రైతులం, ఈ తేడా మనకి కొత్త కాదు.

చట్టం కూడా వీటి వైపు చూడలేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండిని అసలు రూపంలో ఉంచుకుంటే వీఏ అనే అక్షరాలతో వేరే నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, అద్దెకి తిప్పకూడదు. బాగుంది. కానీ ఆ నియమం రెండు చక్రాల బండ్లకీ, కారు తరగతికీ. లారీకీ ట్రాక్టరుకీ అందులో చోటు లేదు. కారు దాచుకునేవాడికి దారి ఉంది, లారీ దాచుకునేవాడికి లేదు.

అందుకని మనం చేయగలిగింది ఒకటుంది. డబ్బు ఖర్చు లేదు.

మీ పెరట్లోనో, పాత రైసుమిల్లు వెనకో, ఇటుకబట్టీ దగ్గరో తుప్పు పట్టిన పెద్ద ఇనప సామాను ఉంటే, తుక్కువాడికి ఇచ్చేముందు ఒక్కసారి గుడ్డతో తుడిచి చూడండి. ఇత్తడి రేకో, అల్యూమినియం రేకో బిగించి ఉంటుంది. దాని మీద ఊరి పేరు చదవండి. సౌతాల్ అంటే ఏఈసీ. వాట్‌ఫర్డ్ అంటే స్కామెల్. డాగెన్‌హామ్ అంటే ఫోర్డ్సన్. లూటన్ అంటే బెడ్‌ఫోర్డ్. విండ్సర్, ఒంటారియో అని ఉంటే కెనడా ఫోర్డ్, ఒషావా అని ఉంటే కెనడా షెవర్లే. ఫ్రేము మీద కొట్టిన అంకెలు ఉంటే ఫొటో తీయండి. బాణం గుర్తు ఉందేమో వెతకండి.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఎవరు కొన్నారు, ఎక్కడి వేలం, ఏం మోసింది, డ్రైవరు ఎవరు, ఎప్పుడు ఆగిపోయింది. చెప్పింది ఫోన్లో రికార్డు చేయండి. రేకు మీద నంబరు ఇంగ్లండులో పుట్టుక చెబుతుంది. ఇక్కడ బతికిన బతుకు మాత్రం ఆ ముసలాయనకే తెలుసు.

అమ్మొద్దని నేను అనను. ఇనుము రేటు, ఇంటి అవసరం ఎవరివి వారివి. అమ్మండి. కానీ ఆ రేకు ముక్క వంద గ్రాములు ఉండదు, కాటా మీద దానికి పైసా రాదు. దాన్ని ఊడదీసి ఇంట్లో ఉంచండి.