స్టాక్‌హోం నుంచి సీతాఫల్‌మండికి పంపు స్టవ్వు

గ్యాస్ సిలిండర్లు రాకముందు తెలుగిళ్లలో హోరుమని మండిన ఇత్తడి పంపు స్టవ్వు పుట్టిల్లు స్వీడన్. స్టాక్‌హోంలో మెకానిక్‌గా పనిచేసిన ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో దాన్ని తయారుచేశాడు. ప్రైమస్ అనే పేరుతో అది దేశదేశాలు తిరిగింది.

అంతకుముందు కిరసనాయిలు పొయ్యిలు వత్తితో మండేవి. పొగ, మసి తప్పేవి కావు. లిండ్‌క్విస్ట్ ఆ వత్తినే తీసేశాడు. పంపు కొడితే ట్యాంకులో గాలి ఒత్తిడి పెరిగి నూనె గొట్టంలోకి ఎక్కుతుంది. బర్నరు కింది చిన్న గిన్నెలో స్పిరిటు పోసి ముట్టించి గొట్టాన్ని ముందే కాలుస్తారు కాబట్టి, ఎక్కిన నూనె ఆవిరై సన్నటి రంధ్రంలోంచి చిమ్ముతూ గాలితో కలిసి నీలిమంట అవుతుంది. గొట్టం సరిగా కాలకపోతే నూనె నూనెగానే వచ్చి పచ్చమంట భగ్గుమంటుంది. తొందరపడేవాళ్లకు పనికొచ్చే స్టవ్వు కాదిది.

దాని విలువ మొదట గుర్తించింది మంచు ప్రాంతాల అన్వేషకులు. అక్కడ తాగే నీళ్లు కావాలన్నా మంచు కరిగించాల్సిందే. 1893లో ఉత్తర ధ్రువం వైపు కదిలిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ ప్రైమస్ చుట్టూ గిన్నెలు అమర్చి, లోపల వంట ఉడుకుతుండగానే బయటి గిన్నెలో మంచు కరిగే ఏర్పాటు చేసుకున్నాడు. 1897లో బెలూన్‌లో బయలుదేరి మరణించిన స్వీడన్‌వాడు ఆండ్రే బృందం ఆనవాళ్లు 1930లో దొరికినప్పుడు, వాళ్ల ప్రైమస్ ఇంకా పనిచేసే స్థితిలోనే ఉంది. దక్షిణ ధ్రువానికి 1911 డిసెంబరు 14న చేరిన అముండ్‌సెన్, తర్వాత చేరి తిరుగుదారిలో చనిపోయిన స్కాట్, ఇద్దరూ ప్రైమస్‌నే నమ్ముకున్నారు. తేడా నూనె డబ్బాల దగ్గర వచ్చింది. స్కాట్ డబ్బాల మూతలకు తోలు వాషర్లు వేశారు, దారిలో దాచిన నూనె తరిగిపోయింది. అముండ్‌సెన్ తన డబ్బాలకు టంకం వేయించాడు. 1953లో ఎవరెస్టు ఎక్కే ముందు రాత్రి టెన్జింగ్, హిల్లరీ చివరి శిబిరంలో వేడి పానీయాలు కాచుకున్నది కూడా ప్రైమస్ మీదే.

తోలు వాషరు బాధ హైదరాబాద్‌లోనూ తప్పలేదు. పంపు లోపలి వాషరు ఎండిపోతే గాలి పట్టదు, నూనె రాసి మెత్తబరచాలి. రంధ్రం మూసుకుపోతే రేకుముక్కకు బిగించిన సన్నటి తీగ పిన్నుతో పొడవాలి. దేశంలోనే తయారైన నకళ్లు వచ్చాక పిన్నులు, వాషర్లు, బర్నర్లు బజారు సరుకులయ్యాయి, స్టవ్వు బాగుచేయడం ఒక వృత్తి అయింది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇప్పటి ప్రాంగణంలో స్థిరపడ్డాక, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమయ్యాక, సీతాఫల్‌మండి, తార్నాక చుట్టుపక్కల విద్యార్థుల అద్దెగదులు పెరిగాయి. హాస్టల్లో చోటు దొరకనివాళ్లకు స్టవ్వే వంటిల్లు. పంపు స్టవ్వు వేగంగా ఉడికిస్తుంది గాని మాట వినపడనీయదు. వత్తుల స్టవ్వు నిశ్శబ్దంగా మసి పడుతుంది. రెండింటికీ కావలసింది అప్పట్లో రేషన్ దుకాణంలో దొరికే నీలిరంగు గ్యాసునూనె, అంటే కిరసనాయిలు.

ఈ చరిత్రలో చీకటి అధ్యాయమూ ఉంది. ఒత్తిడి మీద పనిచేసే స్టవ్వు పేలడం నిజమైన ప్రమాదమే. అయితే 'స్టవ్వు పేలి గృహిణి మృతి' అంటూ పత్రికల్లో వచ్చిన వార్తల్లో కొన్నిటి వెనుక కట్నం హత్యలున్నాయి. నేరం స్టవ్వు మీదకు నెట్టడం చాలా తేలిక. 1986లో శిక్షాస్మృతిలో వరకట్న మరణాలపై 304-బి సెక్షన్ చేరింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అసహజంగా మరణించి, చనిపోయే ముందు కట్నం కోసం వేధింపు జరిగిందని తేలితే భర్తను, అత్తింటివారిని బాధ్యులుగా భావించే వీలు అప్పుడే వచ్చింది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు అందాయి. అద్దెగదుల్లోకి చిన్న సిలిండర్లు, ఆ తర్వాత కరెంటు స్టవ్వులు వచ్చాయి. ఇత్తడి ట్యాంకులు పాతసామాన్ల తూకానికి పోయాయి. ప్రైమస్ కంపెనీ మాత్రం ఇప్పటికీ ఉంది. కొండలెక్కేవాళ్లకు ఇప్పుడది అమ్మేవాటిలో ఎక్కువ గ్యాస్ స్టవ్వులే.