బొగ్గుట్ట నుంచి చుక్కల గని దాకా

2003లో కొత్తగూడెంలో మా వీధి చివర ఒక నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, గంటకు ఇరవై రూపాయలు. పేరుకే నెట్. సాయంత్రం ట్యూషన్ ఎగ్గొట్టి వచ్చినవాళ్లందరం ఆడేది అన్‌రియల్ టోర్నమెంట్. ఆరింటికీ కేబుల్ కలిపి ఉండేది కాబట్టి ముగ్గురు ఎర్ర జట్టు, ముగ్గురు నీలం జట్టు. నెట్ పోయినా ఆట ఆగేది కాదు.

గేమ్ మొదలవగానే ఒక గొంతు ఏదో కథ చెప్పేది. ఎవడో ఒకడు ఎస్కేప్ నొక్కేసేవాడు. ఆ కథేంటో నేను పూర్తిగా విన్నది పదిహేనేళ్ల తర్వాత, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ. విన్నాక కాసేపు ఏమీ తోచలేదు. అది గని కార్మికుల కథ.

2291లో సుదూర అంతరిక్ష గనుల్లో కార్మికుల మధ్య కొట్లాటలు పెరిగిపోతాయి. వాటిని ఆపలేక ప్రభుత్వం చట్టబద్ధం చేసేస్తుంది. లియాండ్రి అనే మైనింగ్ కార్పొరేషన్ ఆ కొట్లాటలను లీగులుగా మార్చి జనానికి చూపిస్తుంది. లాభాలు చూస్తే గనుల కంటే ఇదే మేలనిపిస్తుంది. మేం ఆడుతున్నది ఆ టోర్నమెంటే. గని ఊళ్లో కూర్చుని, గని కంపెనీ పెట్టిన ఆట ఆడుతూ, ఆ సంగతే తెలియకుండా పెరిగాం.

మా ఊరి కథకు కూడా ఒక ఇంట్రో ఉంది. భద్రాచలం రాముణ్ణి చూడ్డానికి అడవి దారిన పోతున్న యాత్రికులు సింగరేణి గ్రామం దగ్గర ఆగి, మూడు నల్లరాళ్లు పెట్టి వంట చేసుకుంటే రాళ్లే అంటుకున్నాయట. ఇది జనం చెప్పుకునే మాట. రికార్డుల్లో ఉన్నది, 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించడం. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకుంది, 1889లో బొగ్గు బయటికొచ్చింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఇల్లందును పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. డోర్నకల్ నుంచి మా వైపు వచ్చిన పట్టాలు కూడా బొగ్గు కోసమే. కొత్తగూడెం స్టేషన్ పేరు మాత్రం భద్రాచలం రోడ్. భద్రాచలం అక్కడికి ఇంకా నలభై కిలోమీటర్లు.

ఇక ఆట పుట్టుక. 1996లో క్వేక్ గేమ్‌కు అభిమానులు సొంతంగా మార్పులు రాసుకున్నారు. జెండా ఎత్తుకొచ్చే ఆటను అందులోకి తెచ్చింది త్రీవేవ్. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో పని పెట్టింది ఆస్ట్రేలియా కుర్రాళ్లు చేసిన టీమ్ ఫోర్ట్రెస్. అంతకుముందు షూటర్ అంటే ఎక్కువగా ఎవడి ప్రాణం వాడిది. 1999 నవంబరులో ఎపిక్ గేమ్స్, డిజిటల్ ఎక్స్‌ట్రీమ్స్ కలిసి అన్‌రియల్ టోర్నమెంట్ తెచ్చేసరికి జట్టుగా ఆడటం ఒక అలవాటయింది.

మాకు ఇష్టమైన మ్యాప్ ఫేసింగ్ వరల్డ్స్. అంతరిక్షంలో తేలే రాతి ముక్క మీద ఎదురెదురుగా రెండు టవర్లు, ఆకాశంలో భూమి. అవతలి టవర్‌లోని జెండా మన టవర్‌కు తేవాలి. కాకపోతే మన జెండా మన చోట ఉంటేనే పాయింటు. అది కూడా పోయిందనుకోండి, తెచ్చిన జెండా పట్టుకుని దాక్కోవాలి, ఇంకొకడు పోయి మనది విడిపించాలి. ఎంత గురి ఉన్నా ఒక్కడి వల్ల కాదు.

మా జట్టులో పైన స్నైపర్ పట్టుకుని కూర్చునేవాడు నా క్లాస్‌మేట్. "నువ్వు పోరా, పైన నేను చూసుకుంటా" అనేవాడు. ఒకరోజు వాళ్ల నాన్న సెకండ్ షిఫ్ట్ దిగి వాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాం. వెనక నిలబడి కాసేపు చూసి, "ఆ పైన ఉన్నోడు ఎవడ్రా?" అన్నాడు. "నేనే నాన్నా" అన్నాడు వీడు. "ఆడు నిద్రపోతే కిందోడు సచ్చినట్టే గదా" అని, లేపి ఇంటికి తీసుకుపోయాడు. ఆయన ఇరవై ఏళ్లుగా బాయిలో కప్పుకు దిమ్మెలు పెట్టే పనిలో ఉన్నాడని నాకు అప్పటికి తెలియదు.

ఇప్పుడు ఆ ఇంట్రో గురించి ఆలోచిస్తే ఒక తేడా కనిపిస్తుంది. లియాండ్రి కథలో కార్మికుల కోపం ఒకరి మీదికి ఒకరిని తోసే వినోదమైంది. మా దగ్గర 1940ల్లో ఆ కోపాన్ని శేషగిరి లాంటివాళ్లు సంఘంగా కట్టారు. 1948లో ఆయన్ను చంపేశారు. గేమ్ రాసినవాళ్లు ఊహించిన భవిష్యత్తులో యూనియన్ అనేదే లేదు. జట్టు ఉంది, కానీ ఎదుటి జట్టు కూడా కార్మికులే.

గేమ్‌కూ రోజులు దగ్గరపడ్డాయి. 2022 డిసెంబరులో ఎపిక్ దాన్ని అమ్మకాల నుంచి తీసేసింది, 2023 జనవరిలో మాస్టర్ సర్వర్లు ఆపేసింది. ఆ దసరాకు ఊరెళ్లినప్పుడు మా వాణ్ణి కలిశాను. నాన్న ఆరోగ్యం పోయాక ఆ ఉద్యోగం వాడికొచ్చింది. రెండు లాప్‌టాప్‌లకు ఒక కేబుల్ కలిపాం. సర్వర్లతో మాకేం పని, అప్పుడూ లేదుగా.

ఈసారి ఎస్కేప్ నొక్కలేదు. వాడు మొత్తం విని, "వీళ్లకి మస్టర్ ఎంతంట?" అని నవ్వాడు. రెండు ఆటలయ్యాక లేచాడు. పొద్దున ఫస్ట్ షిఫ్ట్.